గొడవంతా గడప దగ్గరే

టోకు వ్యాపారులు, బీమా కంపెనీలు, బ్యాంకులు, కర్మాగారాలు దశాబ్దాలుగా నమ్ముకున్న కంప్యూటరు ఏఎస్/400. మెయిన్‌ఫ్రేముకూ పీసీకీ మధ్యస్థం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, రాచెస్టర్‌లో తయారైన దీన్ని ఐబీఎం 1988 జూన్‌లో ప్రకటించింది. పేర్లు మారుతూ వచ్చి, ఇప్పుడు పవర్ సర్వర్ల మీద 'ఐబీఎం ఐ' అనే ఆపరేటింగ్ సిస్టమ్‌గా నడుస్తోంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఏఎస్/400 నేర్చుకుని, విదేశీ కంపెనీల పాత ప్రోగ్రాములను హైదరాబాద్ నుంచే చూసుకుంటున్న తెలుగువాళ్లు కూడా ఉన్నారు.

పాతదాన్ని పారేయనివ్వకపోవడం ఈ సిస్టమ్ గొప్పతనం. 1995లో ఏకంగా ప్రాసెసరే మారింది. 48 బిట్ల పాత రకం పోయి 64 బిట్ల పవర్‌పీసీ వచ్చింది. అయినా ప్రోగ్రాములను తిరిగి రాయాల్సిన పని పడలేదు. ప్రోగ్రాముకూ హార్డ్‌వేరుకూ నడుమ ఒక పొర ఉంది. ప్రోగ్రాములోనే భద్రంగా ఉన్న మధ్యరూపాన్ని సిస్టమ్ తీసుకుని, కొత్త ప్రాసెసరుకు తగ్గట్టు తనే మార్చుకుంది. డిస్కులో చోటు కలిసొస్తుందని ఆ మధ్యరూపాన్ని ముందే తీసేసినవాళ్లకే ఇబ్బంది అయింది.

అందుకే 1990లో ఆర్పీజీ భాషలో రాసిన బిల్లింగ్ ప్రోగ్రాము ఇవాళ్టికీ బిల్లులు వేస్తుంది. దాని పక్కన కొత్త ప్రోగ్రాము వచ్చి చేరినప్పుడే చిక్కులు మొదలవుతాయి. భాష పాతబడింది, మొత్తం తిరగరాయండి అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఒక ప్రోగ్రాము ఇంకొకదాన్ని పిలిచే గడప దగ్గర, ఎవరూ రాసిపెట్టకుండా వదిలేసిన ఊహల్లోనే అసలు తప్పంతా ఉంటుంది.

ఒకటి దగ్గరగా చూద్దాం. ఇక్కడ సంఖ్యలను ఎక్కువగా ప్యాక్డ్ డెసిమల్‌గా దాస్తారు. బైటుకు రెండు అంకెలు, చివరి అరబైటులో గుర్తు: ధనమైతే ఎఫ్, రుణమైతే డి. అయిదంకెల గడికి మూడు బైట్లు చాలు. అందులో 250 ఇలా ఉంటుంది: 00 25 0ఎఫ్. అదే 250ని సీఎల్ (సిస్టమ్‌కు ఆదేశాలిచ్చే భాష) ప్రోగ్రాములో నేరుగా రాసి పంపితే, సీఎల్ దాన్ని 15 అంకెల సంఖ్యగా, చివరి అయిదూ దశాంశాలుగా పంపుతుంది: 00 00 00 02 50 00 00 0ఎఫ్. అవతలికి వెళ్లేది విలువ కాదు, అది ఉన్న చోటు చిరునామా మాత్రమే. ఆర్పీజీ ప్రోగ్రాము ఆ చోటికి వెళ్లి తనకు తెలిసిన మూడు బైట్లే చదువుతుంది. 00 00 00. గుర్తు ఉండాల్సిన చోట సున్నా కనబడగానే డెసిమల్ డేటా ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

ఆగిపోతే అదృష్టమే. పది అక్షరాలకు చోటిచ్చిన దగ్గర అవతలి ప్రోగ్రాము పదిహేను రాసిందనుకోండి, పక్కనున్న వేరియబుల్ చెరిగిపోతుంది. తప్పు సంబంధం లేని ఇంకేదో లెక్కలో బయటపడుతుంది. దీనికి ఆర్పీజీ కొత్త రూపమైన ఆర్పీజీ ఫోర్‌లో ప్రోటోటైప్ ఉంది. ఎన్ని పారామీటర్లు, ఏ రకం, ఎంత పొడవు అన్నది ఒకే కాపీబుక్‌లో రాసి, పిలిచే ప్రోగ్రామూ పిలుపందుకునే ప్రోగ్రామూ దాన్నే వాడితే, తేడాను కంపైలరే పట్టేస్తుంది.

రెండో చిక్కు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది ఎర్రర్ కూడా ఇవ్వదు. పాత పద్ధతి ప్రోగ్రాములన్నీ జాబులోని డిఫాల్ట్ యాక్టివేషన్ గ్రూపులో నడుస్తాయి. ఐఎల్ఈ అనే కొత్త పద్ధతిలో ప్రోగ్రాముకు వేరే గ్రూపు పెట్టుకోవచ్చు. ఒక సీఎల్ ప్రోగ్రాము, అమ్మకాల ఫైలు బదులు టెస్ట్ ఫైలు తెరవమని ఓవర్‌రైడ్ ఇచ్చి, పాత ఆర్పీజీని పిలుస్తోందనుకోండి. ఏళ్లుగా సవ్యంగా నడిచింది. ఆ సీఎల్‌ను ఐఎల్ఈలోకి మార్చి సొంత గ్రూపు ఇచ్చారు. ఇక ఆ ఓవర్‌రైడ్ ఆ గ్రూపు దాటి పనిచేయదు. డిఫాల్ట్ గ్రూపులో ఉన్న పాత ఆర్పీజీ అసలు అమ్మకాల ఫైలునే తెరిచి రాసేస్తుంది. ఓవర్‌రైడ్ పరిధి కాల్ లెవెల్ అని ఒక్క మాట చేర్చితే సరిపోతుంది. కానీ ఆ మాట చేర్చాలని తట్టడానికి, పాత ప్రోగ్రాము దేని మీద ఆధారపడిందో ముందు చదవాలి.

బయటి ప్రపంచంతో కలపడం వీటికంటే తేలిక. ఆర్పీజీ ప్రోగ్రామును ఎస్‌క్యూఎల్ స్టోర్డ్ ప్రొసీజర్‌గా నమోదు చేస్తే జావా, పైథాన్ ఏదైనా దాన్ని పిలవగలదు. పాత టెర్మినల్ పచ్చ స్క్రీనూ లెక్కా ఒకే ప్రోగ్రాములో కలిసిపోయి ఉంటే మాత్రం ముందు లెక్కను విడదీయక తప్పదు.

ఇక మన లిపి. అమెరికాలో వాడే ఎబ్సిడిక్ కోడ్ పేజీ 37 అనే అక్షరాల పట్టికలో తెలుగు అక్షరాలు లేవు. మొబైల్ యాప్‌లో తెలుగులో కొట్టిన పేరును ఆ పట్టిక వాడే పాత ఫైలులోకి పంపితే ప్రతి అక్షరం స్థానంలో ఒకే ప్రత్యామ్నాయ గుర్తు పడుతుంది, ఆ పేరు మళ్లీ తిరిగి రాదు. పొడవు సంగతీ ఉంది. శ్రీనివాసరావు అన్న పేరుకు యూటీఎఫ్-8లో 39 బైట్లు కావాలి, పాత ఫైలులో పేరుకు 30 ఉన్నాయనుకోండి, పట్టదు. పోనీ పాత ఫైలుకే కొత్త గడి చేర్చుదామంటే రికార్డ్ ఫార్మాట్ మారి, దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ ఫార్మాట్ సరిపోలిందో లేదో చూసే లెవెల్ చెక్ దగ్గర ఆగిపోతాయి. అందుకని కస్టమర్ నంబరు కీగా, యూనికోడ్ గడితో వేరే టేబుల్ పెట్టడం మంచిది. కొత్త యాప్ రెండింటినీ ఒక ఎస్‌క్యూఎల్ వ్యూలో కలిపి చదువుకుంటుంది. పాత ఫైలు పేరూ ఫార్మాటూ మారలేదు కాబట్టి బిల్లింగ్ ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేసే పని కూడా ఉండదు.