అంజూరపు పండ్ల ముద్ద నేర్పే పాఠము



వాక్యమును వినుటతో సరిపెట్టుకొనక, దాని ప్రకారము నడుచుకోవాలని యాకోబు పత్రిక (1:22) మనకు గుర్తుచేస్తుంది. ఆదివారము విన్న ప్రసంగము సోమవారము మన వంటింట్లో, పొలములో, ఉద్యోగములో ఎలా పనికివస్తుందో ఆలోచిస్తుంటాము. అయితే మన మందుల డబ్బా దగ్గర ఆ వాక్యము ఏమి చెబుతున్నదో ఎంతమందిమి ఆలోచిస్తున్నాము?

ఇలా అడగడానికి కారణమున్నది. "ప్రార్థన చేయించుకున్నామమ్మా, అందుకే మాత్రలు ఆపేశాము. ఇంకా వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే కదా!" అనే మాట మేము ఆసుపత్రిలో వింటూనే ఉంటాము. ఈ మాట అనేవారిలో ఉపవాసము ఉండి, మోకాళ్ళూని ప్రార్థించేవారే ఎక్కువ. వారి భక్తిని మేము తక్కువ చేయము. కాని బి.పి. మాత్రలు మానితే పక్షవాతము రావచ్చు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్సు ఆగకుండా రావచ్చు. ఇన్సులిన్ మానితే మనిషి స్పృహ తప్పి ప్రాణము మీదికి రావచ్చు. కాబట్టి మనకు బాగా తెలిసిన కొన్ని వాక్యభాగములను మరొకసారి, చివరి వరకు చదువుదాము.

ప్రార్థనకు జవాబు, పుండుకు మందు (2 రాజులు 20:1-7)

హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడియున్నాడు. బ్రతకడని యెషయా ప్రవక్త వచ్చి చెప్పాడు. రాజు గోడవైపు తిరిగి, కన్నీళ్ళు విడిచి ప్రార్థించాడు. యెషయా నగరు దాటి పోకముందే దేవుని జవాబు వచ్చింది. రాజుకు మరి 15 సంవత్సరముల ఆయుష్షు దొరికింది. చాలాసార్లు మన ప్రసంగములు ఇక్కడే ఆగిపోతాయి.

కాని 7వ వచనము ఇంకా ఉన్నది. అదే యెషయా, అదే నోటితో, అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. అప్పుడు రాజు బాగుపడ్డాడు. ముందు వాగ్దానము వచ్చింది, తరువాత మందు వచ్చింది. వాగ్దానము చేసిన దేవుడు మందు ఎందుకు వాడనిచ్చాడని యెషయా సందేహపడలేదు. ముద్ద వేయించుకున్నందుకు హిజ్కియా విశ్వాసము తగ్గిపోలేదు.

దీని అర్థము ఈ రోజు మన పుండ్లకు అంజూరపు పండ్లు కట్టుకోమని కాదు. ఆ దినములలో చేతికి అందిన మందు అది. ఈ రోజు మన చేతికి అందినది డాక్టరుగారు వ్రాసిన చీటీ. ముఖ్యముగా షుగరు ఉన్నవారు కాలి పుండుమీద ఆకుపసరు, సున్నము వంటివి వేయకుండా వెంటనే చూపించుకోవాలి.

పౌలు సంగతి కూడా గమనించండి. ఆయన చేతులద్వారా ఎందరో స్వస్థత పొందారు. అయినా తిమోతి కడుపు జబ్బుకు ఆయన వ్రాసి పంపినది ఒక వైద్య సలహా (1 తిమోతి 5:23). ఆయన వెంట ప్రయాణము చేసిన లూకా వైద్యుడు (కొలొస్సయులకు 4:14). తిమోతికి వ్రాసిన ఆ వచనమును త్రాగుడుకు అనుమతిగా చూపించేవారు కొందరున్నారు. అక్కడ చెప్పినది కొంచెము, అదీ కడుపు కోసము. కడుపు మంటకు ఈ రోజు మంచి మందులున్నాయి. సారాయి దానిని పెంచుతుంది గాని తగ్గించదు.

పదిమంది కుష్ఠురోగులు, ఒక పరీక్ష (లూకా 17:11-19)

పదిమంది కుష్ఠురోగులు దూరముగా నిలిచి కేకలు వేసినప్పుడు, యేసు ప్రభువు వారిని యాజకుల దగ్గరకు వెళ్ళి కనుపరచుకోమన్నాడు. దారిలోనే వారు శుద్ధులయ్యారు. స్వస్థపరచినవాడు ప్రభువే. అయినా పరీక్షను ఆయన కొట్టివేయలేదు. లేవీయకాండము 13, 14 అధ్యాయములలో ఆ పరీక్ష ఎంత జాగ్రత్తగా జరిగేదో చూస్తాము. యాజకుడు మచ్చను చూచి, అనుమానముంటే 7 దినములు ఆగి, మరల చూచేవాడు. కంటికి బాగున్నట్టు కనబడితే చాలదు.

మన జీవితమునకు ఇది ఎంతగా వర్తిస్తుందో చూడండి. బి.పి. 120/80 వచ్చిందంటే జబ్బు పోయిందని కాదు, చాలామందిలో మాత్ర పనిచేస్తున్నదని అర్థము. క్షయ మందులు మొదలుపెట్టిన కొద్ది వారములకే దగ్గు, జ్వరము తగ్గుతాయి, ఆకలి పుడుతుంది. కాని క్రిములు ఇంకా లోపల ఉంటాయి. సాధారణ క్షయకు 6 నెలల మందు పూర్తి చేయాలి. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగని మొండి క్షయగా మారవచ్చు, అదే ఇంట్లోని పిల్లలకు అంటవచ్చు. కుష్ఠువ్యాధికి సైతము ఇప్పుడు పూర్తి చికిత్స ఉన్నది. జబ్బు రకమును బట్టి 6 లేక 12 నెలలు మాత్రలు ఉచితముగా ఇస్తారు. మచ్చ తగ్గిందని మధ్యలో మానకూడదు.

కాబట్టి ప్రభువు మేలు చేశాడని సంఘములో సాక్ష్యము చెప్పండి. కాని మందుల చీటీ చింపవద్దు. ముందు పరీక్ష చేయించుకోండి. మందు తగ్గించవచ్చో, ఆపవచ్చో డాక్టరుగారే చెబుతారు. పదిమందిలో ఒక్కడే తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పినట్లు, రిపోర్టు చేతబట్టుకొని దేవుని స్తుతించడము చక్కని సాక్ష్యము.

ఉపవాసము, షుగరు (యెషయా 58)

శుక్రవారపు ఉపవాస కూడికలు, శ్రమకాలములోని 40 దినములు మన కుటుంబములలో ప్రియమైన అలవాట్లు. అయితే ఇన్సులిన్ గాని, కొన్ని రకముల షుగరు మాత్రలు గాని వాడుతూ భోజనము మానితే రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, తికమక మాటలు దాని గుర్తులు. కొలిస్తే 70 కన్నా తక్కువ ఉంటుంది. ప్రార్థనలో పరవశించాడని ప్రక్కవారు అనుకొనేలోగా మనిషి స్పృహ తప్పవచ్చు. గుర్తులు కనబడగానే 3 చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని నీళ్ళలో కలిపి త్రాగించాలి. 15 నిమిషములకు తగ్గకపోతే మరల ఇవ్వాలి. స్పృహలేనివారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తేవాలి.

మరి వీరికి ఉపవాసము లేదా? యెషయా 58:6-7 చదవండి. ఆకలిగొన్నవానితో ఆహారము పంచుకోవడము, బట్టలు లేనివానికి బట్టలివ్వడము తనకు ఇష్టమైన ఉపవాసమని దేవుడు చెప్పాడు. షుగరు ఉన్న తల్లి వేళకు తన అన్నము తిని, అదే రోజు ఒక క్యారియరు కట్టి వీధిలోని క్షయరోగి ఇంటికి పంపవచ్చు. టి.వి. మానవచ్చు, కోపము మానవచ్చు, ఒకరిపై చెప్పుకొనే మాటలు మానవచ్చు. ఉపవాసము ఉండాలని మనసున్నవారు ముందుగా డాక్టరుగారిని కలిసి మందు వేళలు అడగాలి.

బదరీవృక్షము క్రింద (1 రాజులు 19)

ఏలీయా అంతటి ప్రవక్త చావు కోరుకున్నాడు. దేవుడు అతనిని గద్దించుటకు ముందు నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మరల పడుకోనిచ్చి, మరల పెట్టాడు. మాటలాడినది ఆ తరువాతనే. మన ఇంట్లో ఎవరైనా బ్రతకాలని లేదంటే, విశ్వాసము లేదని నిందించవద్దు. ప్రక్కన కూర్చోండి, తినిపించండి, ఒంటరిగా విడువకండి, డాక్టరు దగ్గరకు తీసుకురండి. 2022లో మొదలైన టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చు.

సమరయుని రెండవ రోజు (లూకా 10:30-35)

మంచి సమరయుడు గాయములు కట్టిన సంగతి అందరికీ గుర్తే. మరుసటి రోజు సంగతి మరచిపోతాము. అతడు పూటకూళ్ళవానికి రెండు దేనారములు ఇచ్చి, ఎక్కువైతే తిరిగివచ్చి ఇస్తానన్నాడు. సహాయము ఒక్క రోజుతో ముగియలేదు. రోగిని ఒకసారి చూడవచ్చి పండ్లు ఇచ్చి వెళ్ళడము మంచిదే. నెల తరువాత మరల చూపించుకోవలసిన రోజున బస్సు ఛార్జీ ఇచ్చి, తోడు వెళ్ళడము సమరయుని రెండవ రోజు.

ఈ వారము చేయగలిగినవి

1. కుటుంబ ప్రార్థనలో 2 రాజులు 20 అధ్యాయము 7వ వచనము వరకు చదవండి. అదే సమయములో ఇంట్లోనివారు మాత్రలు వేసుకున్నారో లేదో చూడండి.
2. మీ అంతట మీరు మానేసిన మందులుంటే, చీటీతో సహా వచ్చి చెప్పండి. ఎవరూ కోపపడరు.
3. రోగి పిలిస్తే సంఘపెద్దలు వెళ్ళి ప్రార్థించాలని యాకోబు 5:14 చెబుతుంది. అలా వెళ్ళిన పాస్టరుగారు, పెద్దలు ఆమేన్ చెప్పిన తరువాత "మందులు వేళకు వేసుకుంటున్నారా?" అని ఒక్క మాట అడగండి. మేము పదిసార్లు చెప్పినదానికంటే మీ నోట వచ్చిన ఆ ఒక్క మాటకు మన ప్రజలు ఎక్కువ విలువ ఇస్తారు.

హిజ్కియా కన్నీళ్ళను చూచిన దేవుడు మీ కన్నీళ్ళను చూచి, మీకును మీ ఇంటివారికిని ఆరోగ్యము దయచేయును గాక. ఆమేన్.