ఒకే మిషన్, రెండు పనులు: అపోహలు – వాస్తవాలు

పోయిన వేసవిలో గుంటూరులో మా అక్క వాళ్ళింటికి వెళ్ళేసరికి హాల్లో టీవీ పక్కన కొత్త మిషన్ కనిపించింది. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో చూసి వాళ్ళమ్మ కోసం పంపించాడు. నిలబడి తొక్కితే క్రాస్ ట్రైనర్, కూర్చుని తొక్కితే సైకిలు. అక్కకి 64 ఏళ్ళు. షుగర్ ఉంది, కుడి మోకాలు నొప్పి. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. సీటుని అన్నిటికన్నా కింది రంధ్రంలో పెట్టినా, పెడల్ కిందికి దిగినప్పుడు ఆమె పాదం దానికి సరిగ్గా అందడం లేదు, మునివేళ్ళతో తోస్తోంది. తోసిన ప్రతిసారీ నడుము ఓసారి ఇటు, ఓసారి అటు ఒరుగుతోంది. పది నిమిషాలకే దిగిపోయి, "మిషన్ మంచిదేరా, నాకే చేతకావడం లేదు" అంది.

ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. కొడుకు ప్రేమగానే కొన్నాడు, తల్లి శ్రద్ధగానే ఎక్కింది. మధ్యలో పొరపాటు జరిగింది ఎంపికలో. మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. ఎండలకీ, కుక్కలకీ, ఫుట్‌పాత్ లేని రోడ్లకీ భయపడి నడక మానేసిన పెద్దవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ళకి ఇంట్లో వ్యాయామ మిషన్ నిజంగా అవసరమైన వస్తువు. కాబట్టి దాని చుట్టూ ఉన్న అపోహలను ఓపిగ్గా విప్పి చూడాలి.

అపోహ: ఒకటి కొంటే రెండు మిషన్ల పని అయిపోతుంది

షాపులో మొదట వినిపించేది ఇదే. చోటు కలిసొచ్చే మాట నిజమే. పని సంగతి అలా కాదు.

మామూలు ఎక్సర్‌సైజ్ సైకిల్లో పెడల్ క్రాంకు అనే కడ్డీ కొసన ఉంటుంది. క్రాంకు పొడవు దాదాపు 17 సెంటీమీటర్లు, అంటే పాదం 34 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా తిరుగుతుంది. సీటు ఆ గుండ్రానికి కాస్త వెనగ్గా, పైన ఉంటుంది. తొడ బలం నేరుగా పెడల్ మీదికి దిగుతుంది. క్రాస్ ట్రైనర్లో పాదం పెట్టే పలక ఒక పొడవాటి కడ్డీ మీద ఉంటుంది. ఆ కడ్డీ ఒక కొస క్రాంకుతో పాటు తిరుగుతుంది, రెండో కొస ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అందుకే పాదం వెళ్ళే దారి పడుకోబెట్టిన కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. నిలబడ్డ మనిషి అడుగు కోసం గీసిన దారి అది. 1990ల మధ్యలో ప్రికోర్ కంపెనీ క్రాస్ ట్రైనర్ని, అంటే ఎలిప్టికల్‌ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఉద్దేశం, పరుగులో ఉండే కదలికని నేల దెబ్బ లేకుండా ఇవ్వడం. అలాంటి దారి మీద సీటు బిగించి మనిషిని కూర్చోబెడితే మోకాళ్ళు ఊగే హ్యాండిళ్ళ దాకా వస్తాయి, పాదాలు మరీ ముందుకి పోతాయి, బలం పెట్టబోతే ఒళ్ళు సీటు మీద వెనక్కి జారుతుంది. అక్క పడుతున్న అవస్థలో సగం దీనివల్లే.

ఇంకో రకం జంట మిషన్ ఉంది. అది ఊగే హ్యాండిళ్ళున్న ఎయిర్ బైక్. 1970ల చివర్లో ష్విన్ కంపెనీ తెచ్చిన ఎయిర్‌డైన్ ఈ కోవకి చెందిందే. ఇందులో అసలు పని కూర్చుని తొక్కడం, చేతుల పని దానికి అదనం. సైకిలు సైకిలుగానే ఉంటుంది కాబట్టి ఏదీ చెడదు. ఫ్యాను రెక్కలు గాలిని కోయడమే దీని బరువు, ఎంత వేగంగా తొక్కితే అంత బరువెక్కుతుంది. చప్పుడు మాత్రం ఎక్కువే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వారంలో ఐదు రోజులు వ్యాయామం చేస్తే అందులో నాలుగు రోజులు ఏది చేస్తారో ముందు తేల్చుకోండి. ఆ పని బాగా చేసే మిషనే కొనండి. రెండో పని వస్తే మంచిదే, రాకపోయినా నష్టం లేదనుకోండి. ఫొటో చూసి కొనొద్దు. షాపుకి వెళ్ళి, వాడబోయే మనిషినే ఎక్కించి, పది నిమిషాలు కూర్చుని, పది నిమిషాలు నిలబడి తొక్కించండి. షాపువాళ్ళు విసుక్కున్నా సరే.

అపోహ: నేల దెబ్బ ఉండదు కాబట్టి మోకాళ్ళకి ఏ మిషనైనా మంచిదే

పాదం పెడల్ని వదలదు కాబట్టి పరుగులో ఉండే కుదుపు వీటిలో ఉండదు. మోకాలు అరిగినవాళ్ళకి వ్యాయామం చికిత్సలో భాగమేనని డాక్టర్లు చెప్తున్నారు కూడా. అయితే దెబ్బ లేకపోవడం వేరు, ఒత్తిడి లేకపోవడం వేరు. సీటు మరీ కిందికుంటే మోకాలు ఎక్కువగా మడుచుకుని చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. మన ఇళ్ళలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కాళ్ళు నేలకి అందాలని సీటు దించేసుకుంటారు. మరీ పైకుంటే అక్కలాగా నడుము అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక లాగుతుంది.

కొలత చూసుకోవడం తేలిక. సీటు మీద కూర్చుని, ఒక పెడల్ని పూర్తిగా కిందికి దించి, దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా రావాలి. ఇప్పుడు మడమ తీసి పాదం ముందుభాగం పెట్టండి. మోకాలు కొద్దిగా, 25 నుంచి 35 డిగ్రీల దాకా వంగి ఉండాలి. ఇంత చిన్న సర్దుబాటుతో నొప్పి తగ్గినవాళ్ళని చూశాను.

నిలబడి తొక్కేటప్పుడు చూడాల్సింది అడుగు పొడవు, అంటే స్ట్రైడ్. ఇంటి మోడళ్ళలో చౌకవి 14 అంగుళాల దగ్గర ఉంటాయి. ఐదడుగుల మనిషికి అది సరిపోవచ్చు. ఐదున్నర అడుగులు దాటినవాళ్ళకి మెట్లెక్కుతున్నట్టు పొట్టి పొట్టి అడుగులు పడి, వంగిన మోకాలి మీదే ఒళ్ళంతా మోయాల్సి వస్తుంది. వాళ్ళకి 18 అంగుళాలకి తగ్గకుండా చూసుకోవాలి. స్ట్రైడ్ ఎంతో చెప్పని మోడల్ని కొనకపోవడమే మేలు.

అపోహ: చేతులూ కదులుతాయి కాబట్టి రెట్టింపు క్యాలరీలు ఖర్చవుతాయి

చేతులు పని చేస్తే కాళ్ళ మీద భారం కొంత తగ్గుతుంది. మొత్తం శ్రమ పెరిగితేనే ఖర్చు పెరుగుతుంది. హ్యాండిళ్ళు ఊరికే పట్టుకుని వాటితో పాటు ఊగితే అది చేతుల వ్యాయామం కాదు. బీపీ ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అంతే పనిని కాళ్ళతో చేసినప్పటికన్నా చేతులతో చేసినప్పుడు గుండె వేగమూ రక్తపోటూ ఎక్కువ పెరుగుతాయి. హ్యాండిల్ని పిడికిలి బిగించి కాకుండా వదులుగా పట్టుకోవాలి.

స్క్రీన్ మీద క్యాలరీల అంకె సంగతి అక్క వాళ్ళింట్లోనే చూశాను. తొక్కడాన్ని బరువు చేసే నాబ్ని బాగా వదులు చేసి ఐదు నిమిషాలు తొక్కాను. తర్వాత నాబ్ గట్టిగా బిగించి, అదే వేగంతో మరో ఐదు నిమిషాలు తొక్కాను. మొదటిసారి ఊపిరి మామూలుగా ఉంది, రెండోసారి చొక్కా తడిసింది. స్క్రీన్ రెండుసార్లూ దాదాపు ఒకే క్యాలరీ చూపించింది. కారణం ఉంది. చాలా చౌక మిషన్లలో స్క్రీన్ వేసే క్యాలరీల లెక్కకి ఆధారం ఒక్కటే, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే సెన్సరు. నాబ్ ఎంత బిగించారో, మీ బరువెంతో దానికి తెలియదు. చేతికి కట్టుకునే బ్యాండ్లూ అంతంతమాత్రమే. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు రకాల బ్యాండ్లు పరీక్షిస్తే, గుండె వేగం చాలావరకు సరిగ్గానే చెప్పాయి కానీ క్యాలరీల్లో అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చెప్పింది.

ఉజ్జాయింపు లెక్క మీరే వేసుకోవచ్చు. క్రాస్ ట్రైనర్ మీద మధ్యస్థమైన శ్రమంటే, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యేదానికి సుమారు ఐదు రెట్లు. 70 కిలోల మనిషి అరగంట తొక్కితే 175 క్యాలరీలు. స్క్రీన్ మీద 300 చూసి, ఆ ధైర్యంతో రెండు గారెలు ఎక్కువ తింటే బరువు ఎందుకు తగ్గడం లేదో ఎప్పటికీ అర్థం కాదు.

అపోహ: గుండె వేగం పట్టికలో 'ఫ్యాట్ బర్న్' గీత దాటకూడదు

మిషన్ మీద అంటించిన రంగురంగుల పట్టికకి మూలం, 220లోంచి వయసు తీసేసే పాత సూత్రం. అది సగటు మనిషికి వేసిన లెక్క. నిజమైన గరిష్ఠ వేగం మనిషిని బట్టి పది పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉండటం మామూలే. నెమ్మదిగా తొక్కితే ఖర్చయ్యేదాన్లో కొవ్వు వాటా ఎక్కువన్న మాట నిజం. మొత్తం ఖర్చే తక్కువైనప్పుడు ఆ వాటాతో ఒరిగేది కొంచెమే.

పెద్దవాళ్ళ విషయంలో ఈ పట్టిక పనికిరాకపోవడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఆ మాత్రలు వేసుకునే మనిషి పట్టికలో అంకె అందుకోవాలని తొక్కుతూ పోతే ప్రమాదం. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. సరైన శ్రమకి ఆ గుర్తు చాలు. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు గ్లూకోజు చేతికందే దూరంలో పెట్టుకోవాలి.

చిన్నవే అయినా డబ్బు తినే నమ్మకాలు

లోపల తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, ఎంత బరువుంటే అంత మంచిదంటారు. బరువుతో పాటు చక్రం ఎంత పెద్దది, ఎంత వేగంగా తిరుగుతుందన్నదీ ముఖ్యమే. కాగితం మీది కిలోలు పక్కనపెట్టి నెమ్మదిగా తొక్కి చూడండి. ప్రతి చుట్టులో ఒకచోట ఆగినట్టు, మళ్ళీ జారినట్టు అనిపిస్తే వదిలేయండి.

అడుగున తిరిగే ట్విస్టర్ పలక ఉంటే పొట్ట తగ్గుతుందంటారు. కదిలించిన చోటే కొవ్వు కరగడమన్నది శరీరంలో జరగదు. దానికి అదనంగా డబ్బు పెట్టొద్దు.

110 కిలోల దాకా మోస్తుందని రాసి ఉంటే 105 కిలోల మనిషి నిశ్చింతగా కొనేయకూడదు. కనీసం 15, 20 కిలోల తేడా ఉండాలి.

అపోహ: మిషన్ పట్టేంత చోటుంటే చాలు

పైకప్పు కూడా చూడాలి. క్రాస్ ట్రైనర్ మీద నిలబడితే పెడల్ పైకి వచ్చినప్పుడు మనిషి అడుగు, అడుగున్నర ఎత్తు లేస్తాడు. మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాను ఎనిమిది తొమ్మిది అడుగుల దగ్గర తిరుగుతుంటుంది. ఆరడుగుల మనిషి సరిగ్గా దాని కింద మిషన్ వేసుకుంటే, చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తినా భయమే. ఫ్యానుకి పక్కగా వేసుకోండి.

చీరతో ఎక్కొద్దు. కుచ్చిళ్ళు క్రాంకులో పడితే లాగేస్తుంది, ఫ్లైవీల్ ఊపు మీద వెంటనే ఆగదు కూడా. చున్నీ తీసి పక్కనపెట్టి, పాదం కనబడే బట్టలతో ఎక్కాలి. పాకే పిల్లలున్న ఇంట్లో మిషన్ని తలుపు వేయగలిగే గదిలోనే పెట్టాలి. తిరిగే కడ్డీకీ చట్రానికీ మధ్య సందులో చిట్టి వేళ్ళు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అపోహ: మిషన్ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థమైన శ్రమ కావాలి. ఒకేసారి చేయాలన్న నియమం లేదు. ఒక్కో విడత పది నిమిషాలైనా ఉండాలన్న పాత షరతునీ తీసేశారు. భోజనమయ్యాక కొద్దిసేపు మెల్లగా తొక్కినా లెక్కలోకి వస్తుంది, షుగర్‌కీ మంచిది. అయితే కండబలం కోసం వారానికి రెండు రోజులు, 65 దాటినవాళ్ళకి పడిపోకుండా నిలదొక్కుకునే అభ్యాసాలు మూడు రోజులు చేయాలని కూడా అదే చోట ఉంది. కూర్చుని తొక్కే సైకిలు ఈ రెండూ ఇవ్వలేదు. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం లాంటివి దానికి తోడు కావాలి.

అపోహ: ఒకటి కొంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది

సర్దుబాటు ఉంటేనే సరిపోతుంది. ఇంట్లో అందరికన్నా పొట్టి మనిషినీ, అందరికన్నా పొడుగు మనిషినీ షాపుకి తీసుకెళ్ళాలి. సీటు పైకీ కిందికే కాదు, ముందుకీ వెనక్కీ కూడా జరగాలి.

అక్క వాళ్ళ మిషన్ కింది వాటాలో ఉండే పొడుగాటి కుర్రాడికి వెళ్ళిపోయింది. అతను నిలబడే తొక్కుతాడు, సీటు తీసేశాడు. గుంటూరు బ్రాడీపేటలో నాలుగు షాపులు తిరిగి, అక్కని ఎక్కించి చూసి, ఊగే హ్యాండిళ్ళున్న మామూలు సైకిలు కొన్నాం. బావగారూ దాన్నే తొక్కుతారు, ఆయన ఐదడుగుల ఎనిమిది. రోజూ సీటు పెంచడం, దించడం ఉంటుంది. అందుకని అక్క సీటు గొట్టం మీద తన రంధ్రం పక్కన కుంకుమ బొట్టు పెట్టుకుంది. చెమట చేతులకి అది చెరిగిపోతుంటే, పొద్దున దీపం పెట్టి వస్తూ మళ్ళీ దిద్దుతోంది.