పదిహేను రోజులకో భోజనం

అమెరికాలో పాము పెంచే ఇంట్లో ఫ్రీజర్ తెరిస్తే ఐస్‌క్రీమ్ డబ్బా పక్కనే గడ్డకట్టిన ఎలుకల ప్యాకెట్ కనిపించొచ్చు. పెట్ షాపుల్లో అవి సైజులవారీగా దొరుకుతాయి: ఇంకా బొచ్చు మొలవని పసిగుడ్లు మొదలు ఎదిగిన ఎలుకల దాకా. వాటిని తినేది చాలా ఇళ్లలో కార్న్ స్నేకే. నారింజ రంగు ఒంటిమీద ఎర్ర మచ్చలు, మూడు నుంచి అయిదడుగుల పొడవు, విషం లేదు. దీని సొంతగడ్డ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు. పైన్ అడవుల్లో, పొలాల గాదెల చుట్టూ ఎలుకలు పట్టుకుని బతుకుతుంది. మన జెర్రిపోతు చేసే పనే. విషమున్న కాపర్‌హెడ్ అనుకుని జనం దీన్ని కొట్టి చంపడమూ ఉంది.

కొత్తగా పెంచేవాళ్లు ముందు అడిగేది తిండి గురించి. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది పాము ఉండే పెట్టె సంగతి. పాము ఒంట్లో సొంత వేడి పుట్టదు, తిన్నది అరగాలన్నా బయటి వెచ్చదనమే దిక్కు. అందుకే పెట్టెలో ఒక చివర 29 నుంచి 32 డిగ్రీలు, రెండో చివర 24 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఎప్పుడు ఎటు జరగాలో అదే చూసుకుంటుంది. దాక్కునే గూడు మాత్రం రెండు చివరలా ఉండాలి. చల్లటి వైపే గూడుంటే భయపడ్డ పాము అందులోంచి కదలదు, తిన్నది అరగక కక్కేస్తుంది. వేడినిచ్చే హీట్ మ్యాట్‌కి థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే పొట్ట కింద చర్మం కాలుతుంది. డబ్బు మిగుల్చుకోవాలంటే అలంకరణకి పెట్టే ప్లాస్టిక్ తీగల్లోనూ బొమ్మ పుర్రెల్లోనూ మిగుల్చుకోండి.

పెద్ద పాముకి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టె మేలు. ఒళ్లంతా చాపుకునే చోటివ్వకుండా పాముని పెంచుతున్నామనడం నాకు సబబనిపించదు. అడుగున ఆస్పెన్ చెక్కపొట్టు పోస్తే అందులో సొరంగాలు చేసుకుంటుంది. సీడర్ పొట్టు వాసన చూడ్డానికి బాగుంటుంది కానీ అందులోని నూనెలు పాము ఊపిరితిత్తులకి చేటు. ఇక మూత. వేలు దూరనంత సందులోంచి కూడా పిల్లపాము జారిపోగలదు. గొళ్లెం లేని మూతని అసలు మూతగా లెక్కపెట్టకండి.

తిండి నిజానికి తేలిక. పిల్లపాముకి వారానికో ఎలుకపిల్ల, ఎదిగినదానికి పది పదిహేను రోజులకో ఎలుక. పాము నడుము లావుకి కాస్త అటూఇటూగా ఉన్నది ఎంచుకోవాలి. గడ్డకట్టిన ఎలుకని ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, పెట్టే ముందు కవరుతో సహా వేడినీళ్లలో ఉంచి, పటకారుతో అందించాలి. మైక్రోవేవ్ మాట ఎత్తొద్దు. బతికున్న ఎలుక వేస్తే అది పాముని కొరికి గాయం చేయగలదు. తిన్నాక రెండు రోజులు చేతిలోకి తీసుకోకూడదు. కళ్లు మసక నీలంగా మారితే కుబుసం విడిచే రోజులొచ్చాయని అర్థం, అప్పుడు తినకపోయినా కంగారక్కర్లేదు. పిల్లలు తినకపోతే బెంగపడే అమ్మల్లా కొందరు వారానికి రెండేసి ఎలుకలు పెడతారు. పాము కాదనదు, ఒళ్లు పెంచుకుంటుంది. నాగులచవితి అలవాటు కొద్దీ పాలు పోయాలనిపించొచ్చు. పాలు పాముకి తిండి కాదు. గిన్నెనిండా మంచినీళ్లు చాలు.

ముచ్చటపడి మన జెర్రిపోతుని తెచ్చుకుందామంటే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఒప్పుకోదు. హవాయిలోనైతే ఏ పామునీ పెంచనివ్వరు.

పెట్టెలో సరిగ్గా చూసుకుంటే కార్న్ స్నేక్ పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. పదేళ్ల పిల్ల పట్టుబట్టి కొనిపించుకున్న పాము, ఆ పిల్ల కాలేజీకి వెళ్లేనాటికి ఇంకా నడివయసులోనే ఉంటుంది. కాలేజీ హాస్టళ్లలో చాలావరకు పాముల్ని రానివ్వరు. వేడినీళ్లలో ఎలుకని ఉంచే పని అప్పుడు అమ్మానాన్నలదే.