అండకు చెల్లించిన వెల

ఆపదలోనున్న రాజ్యమును ఏకమతస్థులైన రాజ్యములు ఆదుకొనునా? పరాయి సైన్యపు అండ ఊరకనే లభించునా? ఈ ప్రశ్నలు నేటివి మాత్రమే గావు. మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు ఒకప్పుడు చేతులు మారిన కథలోనే వీనికి కొంత సమాధానము కలదు.

పదునెనిమిదవ శతాబ్ది చివర ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ బలము పెరుగుచుండగా, మైసూరు ప్రభువు టిప్పు సుల్తాను ముస్లిము రాజ్యముల తోడ్పాటు కోరెను. అతని రాయబారులు 1786లో ఓడనెక్కి, మరుసటి యేట టర్కీ సుల్తాను రాజధానియగు కాన్‌స్టాంటినోపిలు చేరిరి. మన్ననలు లభించినవి, సేనలు రాలేదు. 1798లో నెపోలియను ఈజిప్టుపై దండెత్తెను. ఈజిప్టు నాడు టర్కీ సామ్రాజ్యములోనిది. ఫ్రెంచివారిని వెళ్ళగొట్టుటకు టర్కీకి ఇంగ్లీషువారి నౌకాబలము కావలసెను. కావుననే ఆ సెప్టెంబరులో సుల్తాను మూడవ సెలీము, ఫ్రెంచివారి చెలిమి మానుకొమ్మని టిప్పుకు జాబు వ్రాసెను. ఆ జాబును టిప్పుకు అందజేసినవాడు కంపెనీ గవర్నరు జనరలు వెల్లస్లీయే!

ఆఫ్ఘను రాజు జమాన్ షా లాహోరు వరకు వచ్చెను గాని, తన దేశపు పడమటి దిక్కున అలజడి పుట్టగా వెనుదిరిగెను. ఇక పొరుగుననే యున్న హైదరాబాదు నిజాము కంపెనీ పక్షమున సేనలు నడిపించెను. 1799 మే 4న శ్రీరంగపట్టణము కూలినది, టిప్పు నేలకొరిగెను.

మరి గెలిచిన పక్షమున నున్న నిజామునకు మిగిలినదేమి? తన రాజ్యము నిలుపుకొనుటకు ఆయన కంపెనీ సైన్యమును హైదరాబాదులో ఉంచుకొనెను. దాని వ్యయమునకై, 1792లోను 1799లోను మైసూరునుండి తనకు వచ్చిన భూములను 1800 అక్టోబరు 12 నాటి సంధితో కంపెనీకి ధారపోసెను. అవియే దత్తమండలములు. బళ్ళారి, కడప సీమలతోపాటు కంభము ప్రాంతము కూడ అట్లే కంపెనీ వశమైనది. 1928లో నంద్యాల సభయందు ‘రాయలసీమ’ అను పేరు పెట్టువరకు ఆ దత్తమను మాట ఈ నేలను వీడలేదు. కావలి సిపాయిల జీతమునకు పొలములే చెల్లుబడియైనవి. సంతకములు జరిగిననాడు ఇచ్చటి రైతును అడిగినవారు లేరు. శిస్తు కట్టవలసినవాడు మాత్రము అతడే.

రాజులు పోయినను ఈ లెక్క మారలేదు. 2018లో పాకిస్థాను ఖజానా తరిగిపోగా, సౌదీ అరేబియా 300 కోట్ల డాలర్లు డిపాజిట్టుగా ఇచ్చెను. అంత విలువగల చమురును అరువుపై ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఆ సాయము అక్కరకు వచ్చిన మాట నిజము. కాని 2020లో కాశ్మీరు విషయమై ఇరుదేశములకు మనస్పర్థలు కలిగిన యేడే, అందులో 200 కోట్లు పాకిస్థాను చైనా తోడ్పాటుతో తిరిగి చెల్లింపవలసి వచ్చెను.

మత సౌహార్దము బూటకమని దీని భావము గాదు. అది తలుపు తెరచును. లోపల బేరము మాత్రము ఎవరి అవసరమును బట్టి వారు చేయుదురు. అందుచేత ఏ దేశమునకైన విదేశ సహాయము వచ్చినదని విన్నపుడు, ఎంత వచ్చినదని మాత్రమేగాక, దానిని ఏ రూపమున, ఎవరు తీర్పవలెనని కూడ అడుగుట మేలు. దత్తమండలముల రైతునకు ఆ అవకాశము దక్కలేదు.