అమెరికా అంతర్యుద్ధము – దాని కారణములు

అన్నదమ్ములు వేరుపడిన దినమున చెప్పుకొను కారణ మొకటి. పదియేండ్లు గడచిన పిమ్మట చెప్పుకొను కారణము వేరొకటి. దేశముల చరిత్రయందును ఇట్లు జరుగుట కలదు. ఇందులకు అమెరికా అంతర్యుద్ధము తగిన నిదర్శనము.

1861వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన దక్షిణ కరొలైనా తీరమునందలి సమ్టర్ కోటపై ఫిరంగులు ప్రేలినవి. 1865 వరకు సాగిన ఆ పోరాటమున ఆరు లక్షలకు పైగా సైనికులు అసువులు బాసిరి. ఒకే రాజ్యాంగము క్రింద బ్రదికినవారు ఏల ఇట్లు పోరాడిరి?

సుంకములే కారణమని కొందరందురు. ఉత్తర రాష్ట్రములలో యంత్రపరిశ్రమలు, దక్షిణమున ప్రత్తిసేద్యము ప్రధానములు. విదేశవస్తువులపై సుంకము హెచ్చినచో ఉత్తరమునకు లాభము, దక్షిణమునకు నష్టము. ఈ వైరము నిజమే. కాని 1857లో ఆ సుంకములు తగ్గింపబడినవి.

రాష్ట్రముల హక్కులకై యుద్ధము జరిగెనని మరికొందరి వాదము. అయినను, పారిపోయిన బానిసలను పట్టి యప్పగింపవలెనని 1850లో కేంద్రము శాసనము చేయగా, దానికి అడ్డుతగిలిన ఉత్తర రాష్ట్రముల హక్కును దక్షిణ నాయకులు అంగీకరింపలేదు. కావున వారు కోరిన హక్కు ఏ విషయమునకు సంబంధించినదో విచారింపవలెను.

1860 నాటికి ఆ దేశమున సుమారు 40 లక్షలమంది బానిసలుండిరి. ఆ సంవత్సరము నవంబరులో అబ్రహాం లింకన్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. ఉన్నచోట్ల బానిసత్వమును తొలగింతునని ఆయన చెప్పలేదు. క్రొత్త ప్రాంతములకు వ్యాపింపనీయనని మాత్రమే చెప్పెను. అంతమాత్రమునకే డిసెంబరు 20న దక్షిణ కరొలైనా విడిపోయెను. మిసిసిపీ మున్నగు రాష్ట్రములు దాని వెంట నడచెను. ఈ రెండు రాష్ట్రములును తమ ప్రకటనలలో బానిసత్వమునకు కలిగిన ముప్పునే ముఖ్యకారణముగా పేర్కొనినవి. దక్షిణ కూటమి ఉపాధ్యక్షుడగు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో ఈ మాటనే సభాముఖమున పలికెను. ఓటమి పిమ్మట 1868లో వెలువడిన గ్రంథమున ఆయనయే, తగవు రాజ్యాంగమునకు సంబంధించినదని వాదించెను!

ఇట్లని ఉత్తరమువారు మొదటినుండియు బానిసల విముక్తికే పోరాడిరని తలపరాదు. దేశసమైక్యమును నిలుపుటయే వారి తొలి లక్ష్యము. బానిసత్వము గల నాలుగు రాష్ట్రములు వారి పక్షముననే నిలిచెను. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన చేసిన పిదపనే యుద్ధలక్ష్యము విస్తరించెను. 1865లో రాజ్యాంగసవరణచే బానిసత్వము దేశమంతట రద్దయ్యెను.

విద్యార్థులారా! యుద్ధమేల వచ్చెననునది ఒక ప్రశ్న. ఒక్కొక్క సైనికుడు ఏల పోరాడెననునది వేరొక ప్రశ్న. ఈ రెంటిని కలిపివేయుటచేతనే వివాదము పెరిగినది. కార్యమునకు ముందు పలికిన మాటను, ఓటమి పిమ్మట పలికిన మాటను ప్రక్కప్రక్కన నుంచి తూచి చూడుడు. కారణమును మరుగుపరచినచో, ఆ 40 లక్షలమంది కన్నీరు కూడ చరిత్రనుండి మరుగుపడును.