మణికొండ చుట్టూ మొదటివి, పెద్దవి, ఒక్కటే ఉన్నవి

మణికొండ మర్రిచెట్టు జంక్షన్ నుంచి ఏ దిక్కుకు వెళ్లినా పదీ పన్నెండు కిలోమీటర్లలోపే ఏదో ఒక రికార్డు ఎదురవుతుంది. ఆ మాట అనగానే ఇక్కడివాళ్లకు ముందు గుర్తొచ్చేవి అద్దాల మేడలు. నానక్‌రామ్‌గూడలో 2019లో తెరిచిన అమెజాన్ క్యాంపస్, అమెరికా బయట ఆ సంస్థ సొంతంగా కట్టుకున్న మొదటిది. మాదాపూర్ సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. వీటి గొప్పలు చెప్పడానికి చాలామందే ఉన్నారు. ఇక్కడ చెప్పబోయేవి ఆఫీసు క్యాబ్ రోజూ పక్క నుంచే పోయే కోటలు, సమాధులు, గుట్టలు, వేదికలు, పండుగల విశేషాలు.

వయసు లెక్కన చూస్తే మొదటి స్థానం రాతిదే. ఖాజాగూడ గుట్టల గ్రానైటు పుట్టి సుమారు 250 కోట్ల ఏళ్లయింది. హిమాలయాలు దాని ముందు నిన్నమొన్నటి పిల్లలు. ఒక బండ మీద ఇంకో బండ ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతుందన్నట్టు నిలబడి ఉంటే ఎవరో తెచ్చి పేర్చారేమో అనిపిస్తుంది. నిజానికి ఎవరూ పేర్చలేదు. భూమిలో ఉండగానే రాతి పగుళ్లలోకి నీరు దిగింది, మూలలు మెత్తబడి అరిగాయి, చుట్టూ ఉన్న మట్టి వానలకు కొట్టుకుపోయింది, గట్టి ముద్దలు మాత్రం ఉన్నచోటే మిగిలాయి. ఆ గుట్టల మీదే అనంతపద్మనాభస్వామి గుడి ఉంది, బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. ఆదివారం పొద్దున్నే తాళ్లూ బూట్లూ వేసుకుని బండలెక్కే కుర్రకారూ ఉంటారు. ఈ రాళ్ల కోసం 1996లోనే నగరంలో ఒక సంఘం పుట్టింది, సొసైటీ టు సేవ్ రాక్స్ అని. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని పుట్టగొడుగు బండ, మష్రూమ్ రాక్, ఇప్పటికీ విద్యార్థులు చేరే చోటు.

ఇక దుర్గం చెరువు. గోల్కొండ కోటకు ఒకప్పుడు నీళ్లిచ్చిన చెరువిది. గుట్టల మధ్య దాగినట్టు ఉండటంతో రహస్య చెరువు అని పేరు పడింది. దాని మీద 2020 సెప్టెంబరు 25న తెరిచిన కేబుల్ బ్రిడ్జి రెండు స్తంభాల మధ్య దూరం దాదాపు 234 మీటర్లు. ఆ తరహా కాంక్రీటు వంతెనల్లో ప్రపంచంలోనే ఇదే పొడవైనదని అప్పట్లో ప్రకటించారు. ఇవాళ కాకపోతే రేపు ఏ దేశమో ఇంతకన్నా పొడవైనది కట్టేస్తుంది, అందులో మనకు వచ్చే నష్టమేమీ లేదు. వంతెనకు రెండు వైపులా ఉన్న బండల సంగతి వేరు. అపార్ట్‌మెంటు పునాది కోసం ఒకసారి మందుపెట్టి పేల్చేశాక వాటిని ఏ ఇంజినీరూ తిరిగి తేలేడు. నా దృష్టిలో ఈ చుట్టుపక్కల అన్నిటికన్నా ముందు కాపాడుకోవలసిన వారసత్వం ఆ రాళ్లే.

అలాగే ఒక చెట్టు. గోల్కొండ కోటకు ఆనుకుని, 1656 నాటి మొఘల్ దాడి తర్వాత కట్టిన నయా ఖిల్లాలో ఒక బావోబాబ్ ఉంది. జనం దాన్ని హతియాన్ కా ఝాడ్ అంటారు. మాను చుట్టుకొలత 27 మీటర్ల పైచిలుకు. ఆఫ్రికా బయట ఇంత పెద్ద బావోబాబ్ ఇంకోటి లేదని చెప్పుకుంటారు. అరబ్బు వర్తకులు కుతుబ్‌షాహీ సుల్తానుకు కానుకగా తెచ్చారట. కాండమంతా ముడతలు, బూడిద రంగు తోలు, పైన పొట్టి కొమ్మలు, మధ్యలో మనుషులు దూరేంత తొర్ర. ఆ తొర్రలో నలభైమంది దొంగలు దాక్కునేవారని స్థానికుల కథ.

కోట లోపల విశేషం చప్పుడు. ముఖద్వారం దాటగానే వచ్చే గుమ్మటం కింద నిలబడి గైడు చప్పట్లు కొడతాడు. దాదాపు కిలోమీటరు దూరాన, కొండ కొమ్మునున్న బాలాహిస్సార్‌లో ఆ చప్పుడు వినిపిస్తుంది. రెండడుగులు పక్కకు జరిగి కొడితే అది వినపడదు. గుమ్మటం లోపలి పలకలూ వంపులూ శబ్దాన్ని పోగుచేసి పంపే ఏర్పాటు అది. శత్రువు వస్తే కబురందడానికి ఆనాడు ఇదో వేగమైన సాధనం. ఇక వజ్రాలంటారా, 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచపు వజ్రాల అంగడి గోల్కొండే.

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి. గుమ్మటాల్లో పెద్దదేదని అడిగితే దక్కన్‌లో ఆ పేరు బీజాపూర్ గోల్ గుంబజ్‌దే. ఇక్కడి గొప్పతనం పరిమాణంలో లేదు. 106 ఎకరాల ఆవరణలో ఒక రాజవంశం దాదాపు మొత్తం నిద్రపోతోంది. ఎనిమిది మంది సుల్తానుల్లో ఏడుగురు ఇక్కడే ఉన్నారు. చివరివాడైన తానాషా ఒక్కడే మొఘల్ ఖైదీగా పోయి దౌలతాబాద్ దగ్గరి ఖుల్దాబాద్‌లో మట్టిలో కలిశాడు. వంశ స్థాపకుడు సుల్తాన్ కులీని 1543లో చంపించాడని చరిత్ర చెప్పే కొడుకు జంషీద్ కూడా తండ్రి ఉన్న తోటలోనే ఉన్నాడు. సుల్తానుల సమాధుల్లో ఎనిమిది పలకలది అతని ఒక్కడిదే. హైదరాబాద్‌ను 1591లో కట్టించిన మహమ్మద్ కులీ సమాధి ఎత్తు 42 మీటర్లు దాటుతుంది. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని నర్తకీమణులు తారామతి, ప్రేమామతి కూడా ఈ రాచ ఆవరణలోనే ఉన్నారు. కళాకారిణులకు అంతటి చోటు దొరకడం నాకు ఏ రికార్డుకన్నా పెద్ద విశేషంగా కనిపిస్తుంది.

ఈ వంశంలోని ఇద్దరు సుల్తానుల దగ్గర మన భాషలకూ రెండు మొదటివి దక్కాయి. ఇబ్రహీం కుతుబ్‌షా కుర్రతనంలో అన్న జంషీద్‌కు భయపడి ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు మీద అభిమానంతో తిరిగొచ్చాడు. కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్ పటాన్‌చెరు ఏలికగా ఉండగా పొన్నికంటి తెలగన యయాతి చరిత్ర రాసి ఆయనకే అంకితమిచ్చాడు. తొలి అచ్చ తెలుగు కావ్యం అదే. సంస్కృత తత్సమ పదాలు లేని తెలుగు కావ్యాన్ని కోరి రాయించుకుని అంకితం పుచ్చుకున్నది ఒక ముస్లిం ప్రభువు! ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి కవిగా పేరు పొందాడు. అదే దారిలో గచ్చిబౌలిలో 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వెలిసింది.

సమాధుల మరమ్మతు 2013లో ఆగాఖాన్ ట్రస్టు చేపట్టగా 2024 జులైకి ముగిసింది. గత శతాబ్దంలో మెత్తిన సిమెంటు పూతలు ఒలిచి మళ్లీ సున్నపు పని చేశారు. అక్కడి బడీ బావోలీ గోడ 2013 వానలకు కూలింది. రాయి రాయి చేర్చి నిలబెట్టాక ఇప్పుడు అందులో వాననీరు నిలుస్తోంది, తోటకు అవే నీళ్లు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. ప్రపంచ వారసత్వ హోదా మాత్రం ఇంకా రాలేదు. ఈ కట్టడాలు, చార్మినార్ కలిసి 2010 నుంచి తాత్కాలిక జాబితాలోనే ఉన్నాయి. తెలంగాణలో ఆ హోదా మొదట అందుకున్నది రామప్ప గుడి, 2021 జులైలో.

మణికొండకు మరీ దగ్గరిది ఇబ్రహీంబాగ్‌లోని తారామతి బారాదరి. పన్నెండు గుమ్మాలు ఎదురెదురుగా ఉండటంతో మండు వేసవిలోనూ గాలి ఆడుతుంది. కోట దాకా తాడు కట్టి తారామతి దాని మీద నర్తించిందని కథ. దాని కిందనే ఆరుబయలు రంగస్థలం ఉంది. సంగీతం వినాలంటే నా ఓటు దానికే. మాదాపూర్‌లో 65 ఎకరాల శిల్పారామం పక్కనున్న శిల్పకళావేదికలో 2,500 మంది కూర్చోవచ్చు. సినిమా పాటల వేడుకలు చాలావరకు అక్కడే.

సినిమా అన్నాక నానక్‌రామ్‌గూడ స్టూడియోకు ఒకప్పటి యజమాని, నిర్మాత డి.రామానాయుడును తలవాలి. వ్యక్తిగా అత్యధిక చిత్రాలు నిర్మించినందుకు ఆయన, అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో విజయనిర్మల గిన్నిస్ పుస్తకానికెక్కారు. లైట్లు మోసేవాళ్లు, మేకప్‌వాళ్లు, డాన్సర్ల కోసం వెలసిన చిత్రపురి కాలనీ మణికొండలోనే ఉంది. భూమి ఇచ్చిన నటుడు ఎం.ప్రభాకరరెడ్డి పేరే దానికి పెట్టారు.

గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో 2010 డిసెంబరు 26న 2,800 మందికి పైగా కూచిపూడి నర్తకులు ఒకేసారి హిందోళ తిల్లానాకు కాలు కదిపారు. అది గిన్నిస్ రికార్డు. 2016లో విజయవాడలో 6,117 మందితో ఆ లెక్క దాటిపోయింది. కూచిపూడి అగ్రహారంలో ఒకప్పుడు మగవాళ్లే ఆడవేషం కట్టి ఆడిన నాట్యం ఇది. ఇప్పుడు ఏ కాలనీలో చూసినా సాయంత్రం గజ్జెకట్టేది ఎక్కువగా ఆడపిల్లలే. ఏ సంఖ్యకన్నా పెద్ద మార్పు ఇదే.

బతుకమ్మకూ రికార్డు ఉంది. 2025 సెప్టెంబరు 29న సరూర్‌నగర్‌లో 63 అడుగుల బతుకమ్మను పేర్చారు. 1,354 మంది చుట్టూ ఆడారు. మణికొండ గేటెడ్ కమ్యూనిటీల్లో ఆ తొమ్మిది రోజులూ పెద్ద ఇబ్బంది పూలది. పక్క జాగాలన్నీ ఇళ్లయిపోయాక తంగేడు, గునుగు ఊళ్ల నుంచి రావాల్సిందే. సద్దుల నాడు ఆటోల్లో మూటలుగా దిగుతాయి, బేరాలు గట్టిగానే నడుస్తాయి.

బోనాల్లో మాత్రం మొదటి స్థానం ఎవరూ లాక్కోలేనిది. నగరమంతటికీ తొలి బోనం గోల్కొండ జగదాంబికకే. ఆ తర్వాతే సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, పాతబస్తీ లాల్ దర్వాజా. లంగర్‌హౌజ్ నుంచి తొట్టెలతో, పోతరాజుల వీరంగంతో ఊరేగింపు కదిలి కోట మెట్లెక్కుతుంది. ఆషాఢమంతా గురువారాలు, ఆదివారాల్లో తొమ్మిది పూజలు జరుగుతాయి. కోట చూడనివాళ్లు చూడవలసిన రోజులవే. ఆ పూట మణికొండ నుంచి కారు తీయకండి. లంగర్‌హౌజ్ దాకా బస్సులో వెళ్లి, డప్పు వినిపించే వైపు నడవండి.