మెదడులోని అలలు

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి నుంచుట తెలుగునాట నేటికిని కలదు. సాధారణముగా మూర్ఛ రెండు మూడు నిమిషములలో తనంతట తగ్గును. కీర్తి మాత్రము ఇనుమునకు దక్కును!

మూర్ఛకు మూలము మెదడులోని విద్యుత్తు. ఆ విద్యుత్తరంగములను మనుష్యుని తలనుండి 1924లో మొదట గ్రహించినవాడు జర్మను వైద్యుడు హాన్స్ బెర్గర్. కన్నులు మూసి ఊరకున్నవానిలో అవి సెకనునకు సుమారు 10 లేచును. అసంఖ్యాకములైన నరకణములు ఒక్కసారిగా చెలరేగినచో మూర్ఛ వచ్చును.

పూర్వపు యంత్రములలో సిరాకలము ఈ యలలను కాగితముపై గీసెడిది. సెకనునకు వందలసార్లు ఊగుట దానికి అలవి గాదు. కావున అతివేగమైన అలలు చాలకాలము మరుగున పడియుండెను. 1999లో అమెరికా పరిశోధకులు రోగుల మెదడులో సన్నని తీగలు అమర్చి, మూర్ఛ పుట్టు తావున సెకనునకు 250 నుండి 500 వరకు అలలు లేచుట కనుగొనిరి. మందులకు లొంగని మూర్ఛకు శస్త్రచికిత్స చేయునపుడు తీయవలసిన భాగ మేదో తెలియవలెను. పొరపడినచో మాటయో, జ్ఞాపకమో పోవచ్చును. అందుచే వైద్యులు ఈ యలలను ఇతర పరీక్షలతో సరిచూచుచున్నారు.